కొత్త మంచు కింద పాత మంచు

డిసెంబరు సగమైంది. గుల్‌మార్గ్‌లో నిన్న సాయంత్రం అందుకున్న మంచు తెల్లవారుజామున ఆగింది. మధ్యధరా వైపు నుంచి తేమ మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ ఈ సీజన్‌లో గట్టిగా కురవడం ఇదే మొదలు. గది దాటి అడుగేస్తే బూటు పిక్క దాకా దిగిపోతుంది. ఎక్కడా చప్పుడు లేదు. కొత్త మంచులో చాలా భాగం గాలే కదా, శబ్దం ఆ సందుల్లో ఇంకిపోతుంది. స్కీలు భుజాన వేసుకుని నడుస్తుంటే మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది.

గోండోలా, అంటే కేబుల్ కారు స్టేషన్ పక్క టీ కొట్టులో గైడ్ మన కోసం చూస్తున్నాడు. పుట్టి పెరిగింది కింద టంగ్‌మార్గ్‌లో. ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్రీ అనే నిప్పుల కుంపటి పెట్టుకుని కూర్చున్నాడు. ఉప్పు వేసిన గులాబీ రంగు నూన్ చాయ్ మన చేతికిచ్చి, కొండ వైపు చూడమంటాడు. అఫర్వత్ శిఖరం మబ్బులోంచి అప్పుడే బయటపడుతోంది. కాసేపటికి పైనుంచి ధన్‌మని మోత, వెనకే ఇంకొకటి. స్కీ గస్తీ వాళ్లు పేలుడు పదార్థాలతో వదులుగా ఉన్న మంచును ముందే కిందికి దించేస్తున్నారు. వాళ్ల పని అయ్యేదాకా గోండోలా పై దశ తెరవరు. క్యూలో కుర్రాళ్లు అసహనంగా కదులుతున్నారు. ఈ ఎదురుచూపును నేను ఎప్పుడూ వృథా అనుకోను. కొండ మీద ఏం జరుగుతోందో తెలిసేది ఇప్పుడే.

కేబిన్ కదులుతుంది. 2,650 మీటర్ల నుంచి ఫర్ చెట్ల మీదుగా కాంగ్‌దూరీకి, అక్కడ కేబిన్ మారి అఫర్వత్ భుజం మీదికి. 2005లో తెరిచిన ఈ రెండో దశ మనల్ని దాదాపు 4,000 మీటర్ల ఎత్తున దింపుతుంది. చెట్ల వరస కిందే ఆగిపోయింది. గాలి పలచన, నాలుగడుగులకే ఆయాసం. ఉత్తరాన, కొండల వరసలన్నిటి వెనకాల, 8,126 మీటర్ల నంగా పర్వత్ ఒక్కటే ఎండలో ఉంది.

స్కీలు తొడుక్కోబోతే గైడ్ చెయ్యి అడ్డం పెడతాడు. ముందు, మంచులో కూరుకుపోతే వెతకడానికి పనికొచ్చే ట్రాన్స్‌సీవర్లు పరీక్షించాలి, ఒకరి సిగ్నల్ ఇంకొకరికి అందుతోందో లేదో చూడాలి. ఆ తర్వాత కుడి పక్క, గట్ల మధ్య లోతుగా దిగే గల్లీ వైపు వాలులో సురక్షితమైన చోటు చూసుకుని, పార తీసి నేల తగిలేదాకా తవ్వుతాడు. ఛాతీ లోతు కూడా లేదు. తవ్విన గోడను గ్లౌజుతో నున్నగా చేసి, పై నుంచి కిందికి వేళ్లతో నొక్కుకుంటూ వస్తాడు. పైన రాత్రి మంచు, పిడికిలి సులువుగా దిగుతోంది. దాని కింద గాలి అదిమిన పొర, కాస్త గట్టిగా. అట్టడుగున మాత్రం వేలు పెట్టగానే గింజలు జలజలా రాలాయి. గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. అచ్చం పంచదార. ఒక్కో గింజకీ పలకలు, అంచులు కంటికి కనిపిస్తున్నాయి. నొక్కితే ముద్ద కాదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

నవంబరులో పడి, నీడ వాలుల్లో కరక్కుండా మిగిలిన మంచు అది. అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటుంది, పైన గాలి గడ్డకట్టిస్తుంటుంది. పొర ఎంత పలచనైతే ఆ తేడా అంత పదును. నేల దగ్గరి ఆవిరి పైకి పోతూ, రేకుల్ని పెద్ద పెద్ద గింజలుగా మళ్లీ కడుతుంది. ఆ గింజలు ఒకదాన్నొకటి పట్టుకోవు. సీజన్ మొదట్లో కొండను జాగ్రత్తగా చదవాల్సింది అందుకే. పైన ఎంత అందంగా కురిసినా, అది దేని మీద కూర్చుందన్నదే అసలు ప్రశ్న.

ముప్పై సెంటీమీటర్ల చదరంలో మంచు స్తంభం కోసి, దాని మీద పార పెట్టాడు. మణికట్టు ఆడించి పది దెబ్బలు. ఏమీ కాలేదు. మోచేతి నుంచి ఇంకో పది కొట్టాలి. మూడోదానికే, అంటే పదమూడో దెబ్బకు, పైనున్నదంతా ఒక్క పలకలా ఊడి గుంటలోకి జారింది.

"చూశారుగా సార్. గల్లీలోకి వద్దు. గట్టు మీద నుంచే దిగుదాం."

మంచు చరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే. గల్లీ నిండా అదే వాలు. ఒక్క గీత పడని ఆ తెలుపు నిజంగానే మనసు లాగుతుంది. అయినా వద్దు.

ఎడమ గట్టు వాలు తక్కువ. గైడ్ ముందు దిగి, ఆగి, చెయ్యెత్తాడు. ఇక మన వంతు. మొదటి మలుపుకి ముందు ఒళ్లు వెనక్కి వాలబోతుంది, వాలనివ్వకూడదు. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉండాలి, మోకాళ్లు వదులుగా. స్కీలు మునిగి, తేలి, మళ్లీ మునుగుతాయి. కింద నేలున్నట్టే తెలియదు. రెండో మలుపుకే లయ దొరుకుతుంది. మంచు పొడి తొడల దాకా లేచి, ఒక్కోసారి ముఖాన కొట్టి, పెదాల మీద కరుగుతుంది. ఊపిరి మలుపుకీ మలుపుకీ మధ్యే తీసుకోవాలి. చలి సంగతే గుర్తుండదు. ఇంత తేలికైన మంచు ఘనపు మీటరు చాలాసార్లు వంద కిలోలు కూడా తూగదు. ఆ తేలికదనం కాళ్లకు తెలిసిన క్షణం కోసమే ఏడాదంతా ఎదురుచూస్తాను నేను.

చెట్లు మొదలయ్యే చోట వేగం తగ్గించేస్తాం. ఇంకా పలచని సీజన్, మంచు కింద మొద్దులు, రాళ్లు పూర్తిగా కప్పుకోలేదు. ఒకచోట స్కీ అడుగు కర్రుమంది.

కాంగ్‌దూరీ చేరేసరికి తొడలు మండుతున్నాయి. క్యూ పెరిగింది. పైకి వెళ్లబోతున్న గైడ్ల దగ్గరికి మనవాడు నేరుగా వెళ్లి కశ్మీరీలో చెబుతున్నాడు. మాట అర్థం కాకపోయినా చేతులు చెబుతున్నాయి. అరచేతి మీద రెండో చేత్తో దెబ్బలు కొట్టి, చటుక్కున పక్కకి జార్చి చూపించాడు. ఒకతను గల్లీ వైపు తలెత్తి చూసి, తన వెంట వచ్చిన నలుగురినీ దగ్గరికి పిలిచి, ఎడమ గట్టు వైపు చూపిస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. మేం స్కీలకు అంటిన మంచు దులిపి వాళ్ల వెనకే క్యూలో నించున్నాం.