మాటల తోకలు

మా నారాయణపేటలో ఒక చీర తయారై అంగడికి వచ్చేలోపు వ్యాకరణం సగం అయిపోతుంది. నేయడం నేత, అద్దడం అద్దకం, రంగులు కూర్చడం కూర్పు, చివరికి అమ్మడం అమ్మకం. క్రియకు ఒక్కొక్క తోక తగిలిస్తే ఒక్కొక్క నామవాచకం. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ తోకల కోసం కృదంత, తద్ధిత పరిచ్ఛేదాలని రెండు కేటాయించారు. మా సాలెవాళ్ళు ఆ పుస్తకం చదవలేదు, వాళ్ళకు అవసరమూ పడలేదు.

ఊరి పేరులోని 'పేట' కూడా ఇంచుమించు తోకలాంటిదే. మరాఠీలో అదే 'పేఠ'. పుణేలో నారాయణ పేఠ ఈనాటికీ ఉంది. శివాజీ దండు ఇటు వచ్చినప్పుడు కొందరు నేతగాళ్ళు ఇక్కడే ఆగిపోయారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. కొందరు దానికి 1630 అని సంవత్సరం కూడా వేస్తారు. అది శివాజీ పుట్టిన సంవత్సరం! ఆయన గోల్కొండకు వచ్చింది 1677లో.

ఇక సర్కారు తోకలు. నిజాం రాజ్యంలో 1884 దాకా దఫ్తరు భాష పారసీ, ఆ తర్వాత ఉర్దూ. 'దార్' అంటే పారసీలో పట్టుకున్నవాడు, కలిగినవాడు. తహసీలు అంటే వసూలు, అది చేతిలో ఉన్నవాడు తహసీల్దారు. అట్లాగే జాగీర్దారు, పట్టాదారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, జాగీర్దార్లు పోయారు. తోక మాత్రం మనదగ్గరే ఉండిపోయింది. వాటాదారు, అద్దెదారు, కౌలుదారు అంటున్నాం. ఈ పత్రిక తెప్పించుకునే మీరు చందాదారులు!

అన్నిటికంటె నాకు ముచ్చటైన మాట 'పెత్తందారు'. పెద్దతనం పెత్తనమైంది, దానికి పారసీ 'దారు' అతుక్కుంది. అంతటితో ఆగామా? దానిమీద ఒక 'ఈ' పెట్టి, మళ్ళీ మన 'తనం' తగిలించి 'పెత్తందారీతనం' చేశాం. 'తనం' మీద 'తనం'! 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతులు తుపాకి పట్టి ఎదిరించినదానికి ఇంతకంటె సరిపోయే మాట ఏ నిఘంటువులో దొరుకుతుంది?

ఇది మన ఒక్కరి సంగతే అనుకునేరు. 1957 అక్టోబరు 4న రష్యావాళ్ళు స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపారు కదా. 'స్' అంటే తోడు, 'పుత్' అంటే తోవ, 'నిక్' మనిషిని చెప్పే తోక. వెరసి తోవలో తోడు వచ్చేవాడు. మన చెలికాడులోని 'కాడు' లాంటిదన్నమాట. చెలికాడుకు చెలికత్తె ఉన్నట్టే, రష్యనులో పంతులుగారు 'ఉచీతెల్' అయితే పంతులమ్మ 'ఉచీతెల్నిత్స'.

తురుష్కులు అక్కడా తోకలు వదిలారు. కొలువులో ధనాగారం చూసేవాడు మనకు ఖజాంచి. ఈ 'చి' తుర్కీ తోక. రష్యనులో 'కజ్నచేయ్' అన్నా అదే ఉద్యోగం, అదే తోక. బల్గేరియాలో దుకాణం నడిపేవాడు 'ద్యుక్యాంజియా'. దుకాణం ఇద్దరికీ ఒక్కటే, వాళ్ళు తుర్కీ తోక పెట్టుకున్నారు, మనం పారసీ తోక పెట్టి దుకాణదారు అన్నాం. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి పండితులు తుర్కీ మాటలను ఏరిపారేయాలని పట్టుబట్టారు. చాలా మాటలు పోయాయి కూడా. 'జియా' పోలేదు.

మాకూ అటువంటి పండితులు తగిలారు. నేను బడిలో వ్యాసంలో 'దవాఖానా' అని రాస్తే పంతులుగారు ఎర్రసిరాతో కొట్టేసి 'ఆసుపత్రి' అని దిద్దారు. పైగా "తురకతెలుగు రాయకు" అని తరగతంతా వినేట్టు అన్నారు. ఆయన దిద్దిన మాట కూడా పరదేశి ఓడ దిగివచ్చిన 'హాస్పిటలే'నని అప్పుడు నాకేం తెలుసు! మా నాయనమ్మకు జ్వరమొస్తే ఎడ్లబండి కట్టింది దవాఖానాకే. ఇంట్లో ఆ మాట, బడిలో ఈ మాట. మా ఈడువాళ్ళు చాలామంది నలుగురిలో నోరు విప్పడానికి వెనకాడింది ఇందుకే.

హైదరాబాదులో 2018లో సర్కారు బస్తీ దవాఖానాలు తెరిచింది. అటు వెళ్ళినప్పుడు ఒక బోర్డు ముందు ఆగి, ఆ నాలుగక్షరాలూ పైకే చదివాను. పక్కన చీటీ పట్టుకుని నిల్చున్న ముసలామె, "డాక్టరు లోపలున్నడు, పో బిడ్డా" అంది.