అజంతా చిత్రాలు – అప్రమాదం

అజంతా చిత్రాల చరిత్ర చదివిన కొలదీ మాకు ఒక విషయం స్పష్టమైంది. వాటికి హాని చేసినవారిలో వాటిని ప్రేమించినవారు కూడా ఉన్నారు.

1844లో ఈస్టిండియా కంపెనీ, మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్‌ను ఈ చిత్రాలకు ప్రతులు తయారు చేయడానికి నియమించింది. ఆయన ఏళ్ళ తరబడి గుహలలో శ్రమించి పెద్ద పెద్ద కాన్వాసులపై వాటిని చిత్రించాడు. లండనుకు చేరిన ఆ ప్రతులను సిడెన్‌హామ్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచారు. 1866 డిసెంబరులో అక్కడ చెలరేగిన మంటలలో అవి దాదాపు అన్నీ కాలిపోయాయి. పిమ్మట 1872 నుండి బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన భారతీయ విద్యార్థులతో కలిసి సుమారు 300 ప్రతులు సిద్ధం చేశాడు. అవీ లండనుకే వెళ్ళాయి. 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటిలోనూ అనేకం నశించాయి. మొదటి నష్టం నుండి ఎవరూ పాఠం నేర్చుకోలేదు.

ప్రతులకు చట్రం బిగించి ఓడలో పంపవచ్చు. మూల చిత్రాలకు ఆ వీలు లేదు. గరుకైన రాతిపై పొట్టు, గడ్డి కలిపిన మట్టి పూత, దానిపై పలుచని సున్నం, ఆపై జిగురుతో కలిపిన రంగులు — ఇదీ వాటి నిర్మాణం. తేమ, పురుగులు, గబ్బిలాలు, సందర్శకుల ఊపిరి అన్నీ వాటికి శత్రువులే.

అప్పట్లో అజంతా హైదరాబాదు సంస్థానంలో ఉండేది. గులాం యాజ్దానీ పురావస్తు శాఖాధిపతిగా ఉన్న కాలంలో, నిజాం ప్రభుత్వం 1920లో ఇటలీ నిపుణులైన చెక్కోని, ఒర్సినీలను రప్పించింది. ఊడిపోతున్న పూతను వారు గోడకు అతికించి నిలబెట్టారు; అది మేలు. కాని చిత్రాలపై పూసిన లక్క వార్నీషు కాలక్రమాన పసుపుబారి, రంగులను మసకబార్చింది. దానిని ఓపికగా తొలగించే పని తరువాతి తరాల మీద పడింది.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో అజంతా ప్రతులను నేటికీ చూడవచ్చు. గోడపై చెరిగిపోయిన భాగాలకు ఇటువంటి ప్రతులే సాక్ష్యం. కనుక ప్రతిని కూడా మూలమంత శ్రద్ధగా కాపాడాలి. అరువిచ్చే ముందు, అది చేరబోయే ఇల్లు ఎంత భద్రమో విచారించాలి. తిరిగి తీయలేని దానిని దేనినీ చిత్రంపై పూయరాదు.

సర్వం అనిత్యమని బోధించిన తథాగతుడే, తన చివరి మాటలలో అప్రమాదాన్ని ఉపదేశించాడు. అనిత్యత అజాగ్రత్తకు సాకు కారాదని మేము భావిస్తున్నాము.