మొగ్గలోనే తుంచుట : చర్ల మన్యమున భూశాసనములు

కీడు ముదురకమున్నే యణచుటను నేటి తెలుగు వచనమున "మొగ్గలోనే తుంచుట" యనుచున్నారు. ఇది ఆంగ్లేయుల పలుకుబడికి ఛాయ. ఆ భాషలో 1607లో ముద్రితమైన నాటకమునందే కానవచ్చుచున్నది. మనవారికి "మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత పూర్వమే కలదు. సామెత వంచుమనును, పరభాషానుకరణము త్రుంచుమనును.

ఈ భేదము చర్ల సీమయందు మాటల తగవు మాత్రమే కాదు. అచటి యడవులలో వేసవికి ముందు తునికి పొదలను నరుకుదురు. నరికినచోటనే లేతాకు వచ్చును. ఆ యాకే కట్టలై కల్లమునకు చేరును. త్రుంచిన కొలది చిగిర్చునది యచట నాకు మాత్రమే కాదు.

భద్రాచలపు తాలూకా 1860లో నిజాము ప్రభువునుండి ఆంగ్లేయులకు సంక్రమించి, 1874లో మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో జేరెను. మన్యవాసుల భూములు పరుల పాలు గాకుండుటకు శాసనము పుట్టినది 1917లో. నలువది మూడేండ్లు గడచినవి! వైయాకరణులు ప్రసక్తమైనదానికే ప్రతిషేధము చెప్పుదురు; ప్రసక్తి లేనిదానిని వలదనుట వ్యర్థము. కావున నాటికి దోషము మొగ్గ గాదనుటకు ఆ శాసనమే సాక్ష్యము.

ఏజెంటు వ్రాతపూర్వకానుమతి లేక కొండజాతివాడు ఇతరునకు భూమి నిచ్చిన చెల్లదని యందు విధించిరి. వడ్డి నూటికి సాలునకు 24 మించరాదు, చక్రవడ్డి కూడదు, మొత్తము వడ్డి యసలును దాటరాదు. ఈ కడపటి నియమము మనువు చెప్పిన ద్వైగుణ్యమే. ఆంగ్లశాసనకర్తలకు క్రొత్తగా తోచినదని యెంచరాదు. అయినను అనుమతి యను ద్వారము తెరచియే యుండెను.

1959 నాటి ఒకటవ రెగ్యులేషనున "బదిలీ" శబ్దమునకు నిర్వచనము చూడదగినది. తాకట్టు, కౌలు, విక్రయము, దానము, వినిమయము అని వేరువేరుగా పేర్కొని, మరణశాసనమును మాత్రము విడిచిరి. విక్రయ మొక్కటియే భయకారణమైనచో నిన్ని పేరులేల? ఒక్కొక్క పేరును ఒక్కొక్క చిగురని గ్రహింపవలయును. అదే యేట నవంబరులో తాలూకా ఖమ్మము జిల్లాలో గలిసెను.

1970 నాటి సవరణము మఱియు దూరము పోయినది. గిరిజనేతరులు తమలో తాము మార్చుకొనుటయు నిషిద్ధమయ్యెను. అంతకంటె ముఖ్యము, ఏజెన్సీలో గిరిజనేతరుని యధీనమందున్న భూమి, విరుద్ధము రుజువగువరకు, గిరిజనునినుండి వచ్చినదిగా భావింపబడును. అనగా నిరూపణభారము దుర్బలుని తలనుండి దిగి భూమి గలవాని తలకెక్కినది. కాగితము లేని కోయరైతునకు నిషేధముకంటె నిదియే యెక్కువ యుపకారకము. దీనిని సర్వోన్నత న్యాయస్థానము 1988లో సమర్థించెను.

2014లో భద్రాచల ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినను చర్ల తెలంగాణముననే నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జేరెను. సరిహద్దు కిరువైపులను 1959 నాటి రెగ్యులేషనే మూలముగా నున్నది.