ఎర్రసిరా

ఆన్సరుషీటుకి కులం ఉండదంటారు. పేరు కనపడదు, ఊరు కనపడదు, బార్‌కోడ్ తప్ప ఇంకేం ఉండదు, ఇక వివక్ష ఎక్కడిదయ్యా అని స్టాఫ్‌రూములో నన్ను అడిగినవాళ్లు చాలామందే. లెక్కల పేపరుకైతే ఆ మాట కొంత ఒప్పుకుంటాను. ఇంగ్లీషు వ్యాసానికి ఒప్పుకోను. నేను సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినవాణ్ణి నేనే మొదలు. వ్యాసం మీద పడే ఎర్రసిరా ఎక్కడినుంచి కారుకుంటూ వచ్చిందో మనవాళ్లకి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మెకాలే అనగానే అందరికీ 1835 మినిట్ గుర్తొస్తుంది. ఆయన చేసిన రెండో పని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇండియన్ సివిల్ సర్వీసుకి పోటీ పరీక్ష ఎట్లా పెట్టాలో చెప్పమని 1854లో వేసిన కమిటీకి ఆయనే పెద్ద. ఆ కమిటీ వేసిన మార్కుల పట్టికలో ఇంగ్లీషు వ్యాసరచనకి 500. సంస్కృతానికి 375. మా చెవిన పడితే సీసం పోయమన్న వేదం ఏ భాషలో ఉందో ఆ భాష ఒక్క ఇంగ్లీషు వ్యాసానికి సరితూగలేదన్నమాట. దానికి నేనేం ఏడవను. కానీ ఆ 500 ఎవరికోసం పెట్టారు? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి చదువులు చదివిన దొరబిడ్డల కోసం. బాగా రాయడమంటే వాళ్లు రాసినట్టు రాయడం. వ్యాసం పేరుతో తూచింది ఇంటి పెంపకాన్ని.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పుట్టాయి. మెట్రిక్యులేషన్ వచ్చింది. ఇంగ్లీషు గట్టెక్కితే సర్కారు కొలువు. సంస్కృతం వల్లించిన నోళ్లే ఇంగ్లీషు వల్లించడం మొదలుపెట్టాయి. వాళ్లకి కంఠస్థం కొత్తేం కాదుగదా!

అప్పుడు మనం ఎక్కడున్నాం? 1856 జూన్‌లో ధార్వాడ్ సర్కారు బడిలో చేర్చుకోమని ఒక మహర్ పిల్లవాడు అర్జీ పెట్టాడు. ఒక్కడి కోసం మిగతా అందరికీ బడి పనికిరాకుండా చేయలేమని బొంబాయి ప్రభుత్వం తిప్పికొట్టింది. 1858లో కంపెనీ డైరెక్టర్లు సర్కారు బడి అందరిదీ అని రాశారు. రాశారు, అంతే. వ్యాసానికి మార్కులెన్నో లెక్క తేలినాక కూడా మనం గుమ్మం బయటే ఉన్నాం. రైతుల పన్నుతో పైకులాల చదువు సాగుతోందని ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు నిలదీశాడు.

మా ఒంగోలు సీమలో అక్షరం మిషన్ బడి దారిన వచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. తర్వాత మావాళ్లు బైబిలు చదువుకోను సరిపడా తెలుగు పట్టుకున్నారు. ఇంగ్లీషు వ్యాసం ఇంకా చాలా దూరం.

ఇంతకీ ఈ వ్యాసానికి వేసే మార్కు నిజమైన కొలతేనా? అమెరికాలో 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు రెండు ఇంగ్లీషు పేపర్లని 142 మంది టీచర్లతో దిద్దించారు. ఒక పేపరుకి 64 నుంచి 98 దాకా పడ్డాయి. రెండోదానికి 50 నుంచి 97 దాకా. పేపరు అదే, చెయ్యి మారిందంతే. ఇంగ్లండులో హార్టాగ్, రోడ్స్ 1935లో ఇంకో సంగతి బయటపెట్టారు. 15 చరిత్ర పేపర్లని 14 మంది ఎగ్జామినర్లకిచ్చి, ఏడాది పైన గడిచాక అవే పేపర్లు మళ్లీ వాళ్లకే ఇచ్చారు. 210 తీర్పుల్లో 92 మారిపోయాయి. చెయ్యి కూడా మారలేదు! ఈ హార్టాగ్ అంతకుముందు ఢాకా యూనివర్సిటీకి మొదటి వైస్‌చాన్సలరు. అంటే మన పరీక్షల వంట తిన్నవాడే.

కొలబద్ద ఊగుతుందని వందేళ్ల కిందే తేలింది. అది ఎవరి వైపు ఊగుతుందో ఈ దేశంలో పరీక్ష పెట్టి చూసింది మాత్రం మొన్న మొన్న. రీమా హన్నా, లీ లిండెన్ అనేవాళ్లు 2012లో అచ్చు వేశారు. పిల్లల పేపర్ల అట్టల మీద కులం, వయసు, ఆడా మగా అనేవి లాటరీ తీసినట్టు మార్చి రాసి టీచర్లకిచ్చారు. కింది కులం అని రాసి ఉంటే మార్కు తగ్గింది. తగ్గింది కొంచెమే, కానీ తగ్గింది. అసలు దెబ్బ ఇంకా ముందుంది. తగ్గించినవాళ్లలో పైకులాల టీచర్లు కనపడలేదు. కింది కులాల టీచర్లే తగ్గించారు. అదీ కట్టలో మొదటి పేపర్ల మీద ఎక్కువ. ఎంత బాగుంటే ఎంత వేయాలో ఇంకా కుదురుకోని సమయంలో చెయ్యి కులాన్ని చూసి అంచనా కట్టిందన్నమాట. ఇది చదివి మనకి కోపం రావచ్చు. నాకైతే భయం వేసింది. మాకు ఎర్రపెన్ను అందించిన చదువు దాంతోపాటు తన చూపునీ అందించింది.

ఇక పేరు దాస్తే సరిపోతుందా? వ్యాసంలో పేరు దాచినా బతుకు దాగదు. ఎనిమిదో తరగతిలో 'సంక్రాంతి సెలవులు ఎట్లా గడిపావు' అని రాయమన్నారు. అమ్మతో కలిసి పొగాకు బేరన్ల దగ్గర కర్రలకి ఆకు కట్టానని, కర్రకింతని కూలి ఇచ్చారని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. పదికి రెండు. సెలవులంటే ఎంజాయ్ చేసింది రాయాలిరా అన్నాడు సారు. మామయ్య కారులో వచ్చి చార్మినార్ చూపించాడని గైడులోది దించినవాడికి ఎనిమిది. వాడికి హైదరాబాదులో మామయ్యే లేడు, వాడిదీ మా హాస్టలే. అట్లా మా బతుకుని మేమే కొట్టేసుకుని, లేని మామయ్యల్ని రాసుకుంటూ మార్కులు తెచ్చుకున్న బ్యాచిలు ఎన్నో.

ఇంగ్లీషు మీడియం వద్దని నేననను. 2019లో ఆంధ్రలో జీవో వచ్చినప్పుడు తల్లిభాష పోతుందని ఏడ్చినవాళ్ల పిల్లలు ఏ బళ్లల్లో చదివారో మా పల్లెకి తెలుసు. ఇంగ్లీషు కావాలి. దాన్ని తూచే తక్కెడ మీద మాట్లాడేవాళ్లూ కావాలి. 'ఎ', 'యాన్', 'ది' అనే ముక్కలు తెలుగులో లేవు. ఇంట్లో ఇంగ్లీషు ఉన్న పిల్లకి అవి ఒళ్లోనే దొరుకుతాయి. మన పిల్ల ఆ ముక్క వదిలేసినప్పుడల్లా ఒక ఎర్ర సున్నా పడుతుంది. నాలుగు సున్నాలు పడేసరికి ఆ పిల్ల ఏం చెప్పిందో చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ముందు విషయానికి మార్కు వేసి రాసిపెట్టండి, తప్పుల సంగతి తర్వాత చూడండి అని నేను కాంప్లెక్స్ మీటింగుల్లో అడుగుతున్నాను. అట్లయితే ఇంగ్లీషు ఎట్లా వస్తుందండీ అంటారు. తప్పులు దిద్దొద్దని ఎవరన్నారు?

ఒక స్పాట్ వాల్యుయేషన్‌లో సర్పంచికి ఉత్తరం రాయమన్న ప్రశ్న వచ్చింది. కట్టలో దాదాపు అన్నీ గైడులోని మురుగు కాలవ ఉత్తరాలే. ఒక్క పేపరులో మాత్రం ట్యాంకు నీళ్లు ఊరంతా తిరిగి మా పల్లె ముందు పైపు దగ్గర ఆగిపోతున్నాయని ఉంది. ఎన్నిళ్లకి ఎన్ని బిందెలో లెక్క కూడా ఉంది. క్రియలన్నీ తప్పులే. చీఫ్ ఎగ్జామినరు మూడు చాలన్నాడు. ఆరు వేస్తానన్నాను. గ్రామరు ఏది మాస్టారూ అన్నాడు. సర్పంచికి ఈ ఉత్తరం అర్థమవుతుందా అవదా చెప్పండి సార్ అన్నాను. పక్క టేబుళ్లవాళ్లు తలెత్తి చూశారు. ఆయన పేపరు లాక్కుని మొదటినుంచి చదివాడు, అప్పటిదాకా చదవలేదు. ఐదు దగ్గర సంతకం పెట్టాడు.