ఊడ్చిన చేతులే నడిపించినవి

ఆసుపత్రి యనగానే మనకు మొదట వైద్యులు, పిమ్మట నర్సులు జ్ఞప్తికి వత్తురు. తెల్లవారకముందే వచ్చి వార్డు కడిగి, పక్కబట్టలుతికి, రోగికి గంజి కాచి యిచ్చు మనిషిని తలచువారు అరుదు. అట్టి పనితో జీవిత మారంభించి, ఒక సంస్థను నడుపు స్థానమును చేరుకొన్న వనిత చరిత్రను నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి. ఆమె పేరు మేరీ ఎలైజా మహోనీ.

మేరీ 1845లో అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. ఆమె తలిదండ్రులు ఉత్తర కెరొలైనానుండి వచ్చినవారు. బానిసత్వమునుండి విముక్తి పొందిన నల్లజాతివారు. బోస్టనులో స్త్రీలకును శిశువులకును డాక్టరు మేరీ జక్రెవ్‌స్కా 1862లో ఒక వైద్యశాలను నెలకొల్పెను. స్త్రీలకు వైద్యవృత్తిలో చోటు దొరకని ఆ దినములలో, స్త్రీలే వైద్యులై నడపిన వైద్యశాల అది. మేరీ అచ్చట సుమారు 15 ఏండ్లు పనిచేసెను. వంట చేసెను, నేల తుడిచెను, బట్ట లుతికెను, నర్సులకు చేదోడుగ నుండెను.

ఆ వైద్యశాలలో నర్సుల శిక్షణ 1872లో గాని ఆరంభము కాలేదు. మేరీకి అందు ప్రవేశము 1878లో లభించెను. అప్పటికామె ముప్పది దాటినది. శిక్షణ 16 నెలలు. వార్డులలో దీర్ఘమైన పనిగంటలు, వైద్యుల ఉపన్యాసములు, తుదకు రోగుల ఇండ్లకేగి చేయు సేవ. కూడ చేరినవారిలో పలువురు నడుమనే విరమించిరి. మేరీ 1879లో పట్టము పొందెను. అమెరికాలో వృత్తిశిక్షణ పూర్తిచేసిన నల్లజాతి నర్సులలో ఆమెయే ప్రథమురాలు.

ఇట మనము ఒక్క క్షణ మాగి యోచింపవలెను. ఆ పదునైదేండ్లను తపస్సని పొగడుట సులభము. కాని అవి మూసియున్న తలుపు ముందు గడచిన యేండ్లు కూడ. తలుపు తెరచుకొననిచో, ఆ నేర్పు, ఆ ఓర్పు బట్టల తొట్టి దగ్గరనే ముగిసియుండెడివి. ఆ కాలమున నల్లజాతి యువతులను చేర్చుకొనని శిక్షణాలయములే హెచ్చు.

ఈ సంగతిని మేరీ మరువలేదు. నల్లజాతి పట్టభద్ర నర్సుల జాతీయ సంఘము 1908లో ఏర్పడగా, మరుసటి యేట బోస్టనులో జరిగిన ప్రథమ మహాసభలో ఆమె స్వాగతోపన్యాసము చేసెను. 1911లో న్యూయార్కు రాష్ట్రమున, లాంగ్ ఐలండులోని నల్లజాతి బాలల హవర్డ్ అనాథాశ్రమ నిర్వహణభారము వహించెను. అప్పటి కామె వయస్సు అరువది యైదు దాటినది. 1920లో స్త్రీలకు ఓటుహక్కు రాగా, బోస్టనులో తొలుదొలుత పేరు నమోదు చేయించుకొన్నవారిలో ఆమె యొకతె. 1926లో ఆమె పరమపదించెను. ఆ నర్సుల సంఘము 1951లో అమెరికా నర్సుల సంఘమున లీనమయ్యెను.

మన ఆసుపత్రులలోను ఆయాలు కలరు, వార్డు బాయిలు కలరు. రోగి రాత్రి మూలిగిన తీరును వైద్యునికంటె ముందుగ గుర్తించువారు వారిలో ఎందరో! వారి పనికి మనము కృతజ్ఞత తెలుపుట మంచిదే. అంతకంటె మేలైనది, వారెక్కుటకు ఒక మెట్టు కట్టుట.