ప్రశ్నల పుటలలో ఖమ్మం సభ్యుడు

ఫలానా నాయకుడు పార్లమెంటులో ఏమి చేశాడని అడిగితే మన పల్లెలలో రెండు జవాబులు వినవస్తాయి. అభిమాని, సభను గడగడలాడించాడంటాడు. గిట్టనివాడు, నోరే విప్పలేదంటాడు. సాక్ష్యము మాత్రము ఇద్దరివద్దా ఉండదు. అది లోక్‌సభ చర్చల సంపుటములలో ఉన్నది. ఆ దారిని పట్టి ఖమ్మం తొలి లోక్‌సభ సభ్యులైన టి. బి. విఠల్‌రావుగారి జాడ వెదకుదాము.

1952లో ఆయన ఎన్నికైన నాటికి ఖమ్మం జిల్లాయే లేదు. 1953లో వరంగల్లు నుండి అది విడివడినది. హైదరాబాదు రాష్ట్రములో కమ్యూనిస్టు పార్టీపై నిషేధముండుటచే ఆ పక్షమువారు ప్రజాస్వామ్య ప్రజాసంఘటన పేర పోటీచేశారు. విఠల్‌రావుగారు 1957లో మరల గెలిచారు. 1962లో ఆ స్థానము కాంగ్రెసు అభ్యర్థి టి. లక్ష్మీకాంతమ్మగారికి దక్కినది.

తొలి లోక్‌సభలోని 489 స్థానములలో 364 కాంగ్రెసువే. ప్రతిపక్ష సభ్యుడు తన బలముతో చట్టము చేయజాలడు. ఇక మిగిలిన ఆయుధము ప్రశ్న. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటిమాటగా బదులు చెప్పాలి. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి వ్రాతపూర్వకమైన జవాబు వస్తుంది. పద్దుల చర్చలో ఒక ఫిర్యాదును ఎత్తిచూపదలచిన సభ్యుడు నూరు రూపాయల కోత తీర్మానము ఇస్తాడు. కోరినది నూరు రూపాయలు కాదు, ఆ ఫిర్యాదుకు సమాధానము.

ఆనాటి ప్రశ్నల పుటలు తిరగవేసినవారికి విఠల్‌రావుగారి పేరు పలుమార్లు తటస్థపడుతుంది. బొగ్గుగనులు, కార్మికులు, రైల్వేలు ఆయన ప్రధాన విషయములు. ఇది కాకతాళీయము కాదు. ఇల్లందు సీమలో 1889లో బొగ్గు త్రవ్వకము మొదలైనది. కొత్తగూడెము గనుల పట్టణమైనది. ఖమ్మానికీ మధిరకూ నడుమనున్న బోనకల్ వంటి ఊళ్ళకు రైలుదారియే లోకముతో బంధము. భూగర్భమున పనిచేసేవాని పనిగంటలను, రక్షణను నిర్ణయించినది 1952 నాటి గనుల చట్టము. 1959లో దానిని సవరించినప్పటి చర్చను గూడ వెదికేవారు విడువరాదు.

అయితే ఒక హెచ్చరిక. ప్రశ్నల సంఖ్యను బట్టి సభ్యుని తూచరాదు. పది ప్రశ్నలకన్న, జవాబు చాలక మరల అడిగిన ఒక్క ప్రశ్న మేలు కావచ్చును. మంత్రి ఇచ్చిన హామీ గనిలోనికి దిగినదా అన్నది సంపుటము చెప్పదు. దానిని ఆ ఊరే చెప్పాలి. అలాగే సభ బయట కార్మికుల నడుమ చేసిన సేవ ఈ పుటలకెక్కదు.

నాడు పెద్ద గ్రంథాలయములకే పరిమితమైన ఈ సంపుటములు నేడు పార్లమెంటు డిజిటల్ గ్రంథాలయములో ఎవరికైనను లభిస్తున్నవి. బోనకల్ విద్యార్థి తన తాతగారు ఓటువేసి పంపిన సభ్యుడు ఏమి అడిగెనో ఇంట కూర్చుండి చదువవచ్చును. అలా చదివినవాడు, తాను ఓటువేసి పంపిన సభ్యుని గూర్చియు ఆ ప్రశ్నే వేయక మానడు.