రేకుకీ ఉప్పుగాలికీ మధ్య

కొత్త కారు బానెట్ అంచున రాయి తగిలి పెచ్చు లేచిందనుకోండి. గోరంత కూడా ఉండదు. కళ్ళు దగ్గరపెట్టి చూస్తే ఆ గుంటలో పొరలు కనిపిస్తాయి. పైన మెరిసే క్లియర్ కోటు, దాని కింద రంగు, ఆ కింద ప్రైమరు, అట్టడుగున ముదురు బూడిదరంగులో ఇంకో పొర. అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు, రెండు వెంట్రుకలంత కూడా కాదు. ఈ నాలుగు పొరలూ కుదరడానికి చాలా ఏళ్ళే పట్టింది.

మొదట్లో మోటారుకార్లకూ గుర్రపుబళ్ళ రంగే వేసేవారు. నూనె వార్నిష్ కుంచెతో పూయడం, ఆరబెట్టడం, రుద్దడం, మళ్ళీ పూయడం. ఒక్క బండికి వారాలు పట్టేది. హెన్రీ ఫోర్డ్ 1914 నుంచి 1925 దాకా మోడల్ టీని నలుపులోనే అమ్మాడు. తారు కలిసిన ఆ నల్ల ఎనామెల్ చవక, గట్టిది కూడా. రంగురంగుల కార్లు త్వరత్వరగా తయారయ్యే దారి చూపింది డ్యూపాంట్ వారి డుకో లాకరు. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్‌లాండ్ కార్లను ఆ లాకరుతో, నీలిరంగులో చూపించింది. స్ప్రే గన్నుతో కొడితే గంటల్లో ఆరిపోయేది.

అయితే ఆ మెరుపంతా పైపైనే. రేకు మడతల్లోకీ డోరు లోపలి బోలులోకీ గన్ను చేరదు, తుప్పేమో అక్కడే పుడుతుంది. దీనికి విరుగుడు 1960ల తొలినాళ్ళలో ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ బృందం చేతుల మీదుగా వచ్చింది. నీళ్ళలో కలిపిన పెయింటు తొట్టిలో బాడీని నిలువునా ముంచి కరెంటు పంపుతారు. పెయింటు రేణువులు వచ్చి రేకుకు అతుక్కుంటాయి. ఒకచోట పొర పడగానే అక్కడ కరెంటుకు అడ్డు ఏర్పడుతుంది. దాంతో పెయింటు ఇంకా ఖాళీగా ఉన్న మూలలను వెతుక్కుంటూ లోపలికి పోతుంది. చెయ్యి దూరని సందులో కూడా ఇరవై మైక్రాన్ల పొర పడుతుంది. మొదట చెప్పిన బూడిదరంగు అడుగు పొర ఇదే. తర్వాత 170–180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. 1970లలో బాడీని క్యాథోడుగా మార్చాక తుప్పును ఆపే బలం ఇంకా పెరిగింది. కారు పెయింటు చరిత్రలో ఇంతకన్నా పెద్ద అడుగు లేదని నా నమ్మకం. కంటికి కనపడదు కాబట్టి షోరూములో దీని ఊసెత్తేవారుండరు. రంగు మీద క్లియర్ కోటు వెయ్యడం 1980లలో బాగా వాడుకలోకి వచ్చింది.

సముద్రపు ఉప్పుగాలి విషయంలో తెనాలి సంగతి కాస్త నయం. సూర్యలంక తీరానికి దగ్గర్లోని బాపట్లకూ, కృష్ణ సముద్రంలో కలిసే వైపున్న రేపల్లెకూ మాత్రం ఆ అడుగు పొరే శ్రీరామరక్ష. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తనే నీరవుతుంది. అంటే పెచ్చు లేచినచోట రేకు తడవాలంటే వాన పడక్కర్లేదు. పైగా 216 నంబరు జాతీయ రహదారి మీద కంకర లారీలు, నిజాంపట్నం వైపు నుంచి నీళ్ళు కారుతూ వచ్చే రొయ్యల బళ్ళు. పెయింటు పరీక్షకు ఫ్యాక్టరీల్లో రెండు యంత్రాలుంటాయి. ఒకటి గాలి ఒత్తిడితో కంకర విసురుతుంది, రెండోది 35 డిగ్రీల వేడిలో అయిదు శాతం ఉప్పునీళ్ళు చిమ్ముతుంది. ఈ దారిలో తిరిగే బండికి ఆ రెండు పరీక్షలూ రోజూ జరుగుతున్నట్టే.

‘కొత్తబండి కదా, పెయింటు ఇంకా ఆరలేదు’ అని కొందరు సర్దిచెబుతారు. అది నిజం కాదు. ఫ్యాక్టరీ పెయింటు ఓవెన్‌లో కాలి, గట్టిపడే బయటికొస్తుంది. రోజుల తరబడి ఆరాల్సింది షెడ్డులో వేసిన పెయింటు. కొత్తబండి మీద పెచ్చు లేవడానికి కారణాలు వేరు. పొర పలచన, క్లియర్ కోటు గట్టిది. పదునైన అంచుల దగ్గర కాల్చేటప్పుడు పెయింటు వెనక్కి లాక్కుని మరీ పలచబడుతుంది. రాయి దెబ్బకు లేచిన పెచ్చు చిన్న గుంటలా ఉంటుంది, దాన్ని వారంటీలో సాధారణంగా చేర్చరు. ఏ దెబ్బా లేకుండా పొరలుపొరలుగా ఊడొస్తే మాత్రం కింది పొరకు పట్టు కుదరలేదని అనుమానించాలి. అలాంటప్పుడు ఫోటోలు తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి గట్టిగా అడగాల్సిందే. లక్షలు పోసి కొన్నవాళ్ళు ‘చిన్న పెచ్చేగా’ అన్న ఒక్క మాటకు తలూపి వచ్చేస్తుంటే నాకు బాధేస్తుంది.

మన టింకరింగ్, పెయింటింగ్ మేస్త్రీల చేతిపని అంటే నాకెంతో గౌరవం. లప్పం పట్టించి, నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్ది, వేలికొసలతో తడిమి తడిమి సొట్ట జాడ లేకుండా చేస్తారు. కానీ సీట్లు, వైర్లు, రబ్బర్లు బిగించిన బండిని వాళ్ళు తొట్టిలో ముంచలేరు, 170 డిగ్రీల్లో కాల్చలేరు. ఆ అడుగు పొర పడేది ఒక్కసారే, అదీ ఫ్యాక్టరీలోనే. అందుకే ఒక్క పెచ్చు కోసం ప్యానెల్ మొత్తం రుద్దించడం నేను ఒప్పుకోను. ఆ చోట మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టాలి, పూర్తిగా ఆరనివ్వాలి. రేకు బయటపడి ఉంటే ముందు ఎపాక్సీ ప్రైమరు చుక్క, అది ఆరాక టచప్ రంగు, పైన క్లియర్. రంగు కోడు కోసం షోరూముకు పరుగెత్తనక్కర్లేదు. చాలా బళ్ళలో డోరు పక్కనో, బానెట్ కిందో ఉన్న ప్లేటు మీద అది రాసే ఉంటుంది.